పార్కుకు కండక్టరు

ఆ పేటలో ఎవరినడిగినా రైట్‌రైట్ బాబాయ్ ఇల్లు చూపిస్తారు. అసలు పేరేంటని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. కుర్రతనంలో సిటీ బస్సు కండక్టరుగా చేరి, మీసం తెల్లబడేదాకా ఒకే రూటులో తిరిగి రిటైరైన మనిషాయన. ఇంట్లో ఆవిడ "ఏవండీ" అంటుంది, బయట లోకమంతా "బాబాయ్" అంటుంది. ఆ రెండు పిలుపులతో ఆయనకు హాయిగా జరిగిపోతోంది, మూడోది ఎందుకు చెప్పండి.

మనిషి బక్కపలచన. గొంతు మాత్రం ఖంగుమంటుంది. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ పట్టిందా అని కొత్తవాళ్లు తెల్లబోతారు. "జరగండి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అని ఒక్క కేక వేశాడంటే, కాలు పెట్టే చోటు లేని బస్సులో కూడా ఇంకో ఇద్దరికి చోటు పుట్టేది. ఇక టికెట్ దగ్గర ఆయన ముందు ఎవరి పప్పులూ ఉడికేవి కావు. ఒకసారి సొంత బావమరిది బస్సెక్కి, పళ్లన్నీ బయటపెట్టి "ఏం బావా" అన్నాడు. "బావ ఇంట్లో ఉంటాడు. ఇక్కడున్నది కండక్టరు. ఎక్కడికి?" అని టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు మన బాబాయ్. బావమరిది మొహం మాడ్చుకుని తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. ఇది జరిగి ఎన్నేళ్లయిందో, పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

పిన్ని అంటే బాబాయ్ భార్య. పేటలో సగం మంది ఆడవాళ్ల బట్టలు ఆవిడ కుట్టినవే. మిషను తొక్కీ తొక్కీ ఒక మోకాలు అరిగిపోయింది. నోరు మాత్రం ఏమీ అరగలేదు. పెళ్లయిన కొత్తలో సాయంత్రమైతే తల దువ్వుకుని గుమ్మంలో నిలబడేది. ఊరంతా ఇళ్లకు చేరే వేళకే కదా బస్సులు కిటకిటలాడేది. అందరి మొగుళ్లనూ ఇళ్ల దగ్గర దింపే పనిలో ఉండి, తన మొగుడు అందరికన్నా ఆఖరున వచ్చేవాడు. కొన్నాళ్లు చూసి, గుమ్మంలో నిలబడడం మానేసి మిషను ముందు కూర్చుంది. పిల్లలు పుట్టారు, పెరిగారు, పక్క పేటల్లో ఎవరి కాపురాలు వాళ్లు పెట్టుకున్నారు. ఆ మొగుడూ పెళ్లాలు కలిసి ఒక సాయంత్రాన్ని చూసిన పాపాన పోలేదు.

అందుకని రిటైరైన మర్నాడు సాయంత్రం బాబాయ్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతుంటే చూడలేక పిన్ని చెప్పులేసుకుంది.

"పదండి, పార్కుకెళ్దాం."

సందు చివరే పార్కు. పెద్దదేమీ కాదు. ఒకవైపు ఉయ్యాళ్లు, జారుడుబల్ల, షటిల్ కోర్టు. ఇంకోవైపు బాదం చెట్టు, దాని కింద బెంచీలు. చుట్టూ నడిచేవాళ్ల కోసం మట్టి బాట. పిన్ని మోకాలు ఒప్పుకునే దూరం అంతే. ఆవిడ బెంచీ మీద కూర్చుంది. బాబాయ్ కూర్చోలేదు. బాదం కొమ్మను ఒక చేత్తో పట్టుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, బెంచీ పక్కన నిలబడ్డాడు. కాసేపు చూసింది పిన్ని.

"కూర్చోండి. ఇది కదలదు," అంది.

సిగ్గుపడి కూర్చున్నాడు. కూర్చున్నా ఇద్దరి మధ్య ఒక సంచి పట్టేంత చోటు వదిలాడు, అలవాటు కొద్దీ. ఆ తర్వాత రోజూ అదే బెంచీ. ఇన్నేళ్లూ మాట్లాడుకోనివన్నీ అక్కడ మాట్లాడుకున్నారు. పెద్దవాడు నడక నేర్చిన రోజు ఏం జరిగిందో బాబాయ్ ఆ బెంచీ మీదే మొదటిసారి పూర్తిగా విన్నాడు. బస్సులో ఎవరెవరు ఏమేం మర్చిపోయి దిగిపోయారో చెబితే పిన్ని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ బెంచీ అంటే ఆయనకు ప్రాణం. పైకి అనడు గానీ, ఆవిడకూ అంతే.

ఇలా సాగుతుండగా ఒకనాడు పార్కుల ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద బ్యాగు, ఎప్పుడు చూసినా తిండీ నిద్రా లేని మొహం. ఊళ్లో ఉన్న పార్కులన్నీ ఆవిడ నెత్తినే ఉన్నాయి. నడిచేవాళ్లను, కూర్చున్నవాళ్లను బాదం చెట్టు కింద పోగు చేసింది.

"నన్ను తిట్టుకున్నా పర్లేదు, ముందు వినండి. రోడ్లు, కాలవలు, వీధి దీపాలు, అన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే పార్కులకి. ఈ మధ్య మిగలడం లేదు. ఏడాది టైమిచ్చారు. ఈలోగా పార్కు తన ఖర్చు తను తెచ్చుకోవాలి. లేకపోతే ఈ చెట్టు వైపు సగాన్ని కార్ల పార్కింగు బిల్డింగుకి లీజుకిస్తారట. ఆ వచ్చే డబ్బుతో ఉయ్యాళ్ల వైపు నడుపుతారట."

బాబాయ్ తల ఎత్తి చెట్టు వంక చూశాడు.

"చందాలు వేసుకుందాం మేడమ్," అన్నారెవరో.

ఆఫీసరమ్మ నవ్వింది, ఓపిక లేని నవ్వు. "పోయినసారి చందాలతో ఏం చేశామో చూడండి," అని గేటు వైపు చెయ్యి చూపించింది. గేటు మీద పెద్ద కమాను, దాని నిండా దాతల పేర్లు. బెంచీల వీపుల మీదా పేర్లే. కూర్చుంటే వీపుకి గుచ్చుకునేంత ఉబ్బెత్తు అక్షరాలు. "బెంచీ కొనిచ్చేవాళ్లకి కొదవ లేదండీ. ఆ బెంచీకి ఏటా రంగు వెయ్యాలి, నీళ్ల మోటారు బాగుచెయ్యాలి, మాలికి జీతమివ్వాలి. వాటి మీద పేరు చెక్కడానికి కుదరదు కదా, ఎవరూ ఇవ్వరు."

అది నిజమే.

చివరికి లోపలికి టికెట్ పెట్టారు. ముందు ఒక కాంట్రాక్టు మనిషిని గేటు దగ్గర కూర్చోబెట్టారు. అతనికి మొహమాటం ఎక్కువ. నవ్విన ప్రతివాళ్లనూ లోపలికి పంపేవాడు. ఆ పేటలో నవ్వు రానివాళ్లెవరు? నెల తిరిగేసరికి డబ్బాలో చిల్లర తప్ప ఏమీ లేదు. ఆఫీసరమ్మ తల పట్టుకుంది. అప్పుడు మన బాబాయ్ ముందుకొచ్చాడు.

"నేను చేస్తానమ్మా. టికెట్ లేకుండా చీమని కూడా పోనివ్వను."

ఆ మాట ఇంట్లో చెబితే పిన్ని సూదిలో దారం ఎక్కిస్తున్నదల్లా ఆగిపోయింది.

"మీరా? వద్దండీ. మీరు మంచోళ్లే, కాదనను. మెడలో సంచి పడితే మాత్రం మీరు మీరు కారు."

"మన బెంచీ పోతుందే పిచ్చిదానా."

"అందుకే చెబుతున్నా."

చెవిన పెడితే కదా. ఖాకీ చొక్కా పెట్టెలోంచి బయటికి తీశాడు. పాత విజిల్ మెడలో వేసుకున్నాడు. ఆఫీసరమ్మ ఇచ్చిన తోలు సంచి భుజానికి తగిలించుకునేసరికి మనిషి పదేళ్లు వెనక్కి పోయాడు.

చెప్పొద్దూ, పార్కును అచ్చం బస్సులా నడిపాడు. "దిగేవాళ్లని ముందు దిగనివ్వండి" అని, బయటికొచ్చేవాళ్లంతా వచ్చేదాకా లోపలికెళ్లేవాళ్లను ఆపేవాడు. "గేటు దగ్గర గుంపు కట్టకండి, జరగండి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అనేవాడు. ఆ మాట బస్సులో ఎప్పుడూ నిజం కాదు, పార్కులో నిజమే కాబట్టి ఆయనకు మహా సంతోషంగా ఉండేది. చంటిపిల్లలకు టికెట్ లేదు, కాస్త ఎదిగిన పిల్లలకు అర టికెట్. పిల్లవాడి వయసు దగ్గర తల్లి తడబడితే, మోకాలు వంచి ఆ పిల్లవాడినే అడిగేవాడు. వాడు ఛాతీ విరుచుకుని నిజం చెప్పేసేవాడు. మధ్యలో ఒకసారి గేటు మూసి లోపలంతా చెకింగ్ చేసేవాడు. చదరంగం ఆడుకుంటున్న ముసలాయన రాజును ఎక్కడ పెట్టాలా అని తల బద్దలు కొట్టుకుంటుంటే, భుజం తట్టి "టికెట్ చూపించండి" అనేవాడు. మూసే వేళకు పొడుగ్గా విజిల్ ఊది "ఆఖరి స్టాపు" అని అరిచేవాడు.

మొదట్లో డబ్బా నిండింది. ఆఫీసరమ్మ మొహంలో రంగు వచ్చింది. "మీలాంటి వాళ్లు ప్రతి పార్కుకీ ఒకరుంటే చాలు బాబాయ్" అంది. ఆయన రెండు రోజులు నేల మీద నడవలేదు.

ఆ ఊపులోనే ఒక సాయంత్రం లైట్ల తమ్ముడిని ఆపాడు. ఆ తమ్ముడు ఎలక్ట్రీషియను. పని నుంచి ఇంటికి పోతూ పార్కులో ఒక చుట్టు నడిచేవాడు, నడుస్తూ వెలగని దీపం కనిపిస్తే స్తంభమెక్కి బాగుచేసి పోయేవాడు. ఎవరూ అడిగింది లేదు, ఇచ్చింది లేదు.

"బాబాయ్, కోర్టు దగ్గర లైటు పోయిందట. చూసి పోతాను," అన్నాడు.

"టికెట్."

"పని చెయ్యడానికి వచ్చాను కదా."

"పని మీద పోయేవాళ్లు బస్సులో టికెట్ తీసుకోరా?"

ఆ తమ్ముడు ఆయన మొహంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. కాదని తెలిశాక మారుమాట లేకుండా వెనక్కి తిరిగిపోయాడు. కోర్టు దగ్గర లైటు వెలగలేదు.

ఇంకో రెండు రోజులకు పిన్ని వచ్చింది. అప్పటిదాకా కుట్టుపని ఎక్కువై రాలేదు. పని తెమిలాక తల దువ్వుకుని, మోకాలికి గుడ్డ కట్టుకుని, నెమ్మదిగా నడిచి గేటు దగ్గరికొచ్చింది. వెనక నలుగురు లైన్లో ఉన్నారు. బాబాయ్ ఆవిడను చూశాడు, లైనును చూశాడు. ఆయన చెయ్యి దానంతట అదే ముందుకు చాచుకుంది.

"టికెట్," అన్నాడు.

పిన్ని ఆ చాచిన చేతి వంక చూసింది.

"ఎవరికండీ?"

"ఎవరికైనా ఒకటే రూలు. అంతగా అయితే నా జేబులోంచి నేనే కొడతాలే."

"నా మొగుడి పక్కన కూర్చోడానికి నాకు టికెట్టా?" అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని ఆయనకు తర్వాత చాలాసార్లు అనిపించింది. "ఇన్నేళ్లూ ఎవరెవర్నో ఇళ్లకి చేర్చారు, సరే, ఉద్యోగం. ఇప్పుడు నా చోటు కూడా నాకు అమ్ముతారా? ఉండండి మీ బస్సులో మీరే. నేనెక్కను."

వెనక్కి తిరిగి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న బేకరీ మెట్ల మీద కూర్చుంది. నలుగురూ చూస్తున్నారు. బాబాయ్‌కు తల కొట్టేసినట్టయింది. అయినా చెయ్యి చాచే ఉంది, లైను కదులుతూనే ఉంది.

ఆ రోజు నుంచి ఇంట్లో పిన్ని గోడతో మాట్లాడడం మొదలుపెట్టింది. "ఎవరికైనా నీళ్లు కావాలంటే కూజాలో ఉన్నాయి" అని గోడకు చెప్పేది. "ఎవరి చొక్కాకో గుండీ ఊడింది, కుట్టి పెట్టాను" అనేది. గుండీ కుట్టడం మాత్రం మానలేదు. సాయంత్రమైతే బేకరీ మెట్ల మీదికి పోయేది. గేటు దగ్గర నిలబడితే బాబాయ్‌కు ఎదురుగా ఆవిడే కనిపించేది. మధ్యలో రోడ్డు, బస్సులు. ఒక్కో బస్సు అడ్డం వచ్చి పోయినప్పుడల్లా, ఆవిడ ఇంకా ఉందా లేదా అని మెడ సాచి చూసేవాడు.

పోనీ పార్కైనా కళకళలాడిందా అంటే అదీ లేదు. చదరంగం ముసలాళ్లు ఎవరింటి అరుగో చూసుకున్నారు. పిల్లల్ని రోజూ తెచ్చే తల్లులు వారానికోసారికి దిగారు. వాళ్లలో కొందరు మాలికి సాయంగా చిన్న మొక్కలకు నీళ్లు పోసేవాళ్లని, వాళ్లు రాకపోయాకే తెలిసింది. కోర్టు చీకటిగా ఉంటే షటిల్ ఆడేవాళ్లు ఎందుకొస్తారు? మాలి ఒక్కడే ఎండిన మొక్కల మధ్య పైపు పట్టుకుని ఊసురోమని తిరిగేవాడు. డబ్బా మళ్లీ తేలికైంది. ఆఫీసరమ్మ వచ్చి, "ఏం చేద్దాం బాబాయ్, పోనీ టికెట్ రేటు కాస్త పెంచి చూద్దామా?" అంది.

ఆ మాట వినగానే బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. ఎందుకంటే ఆ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు.

ఆయన తిరిగిన రూటుకి పక్కనే ఇంకో రూటు ఉండేది, కాలవ గట్టు మీదుగా పోయేది. జనం తగ్గారని రేటు పెంచారు. రేటు పెరిగిందని ఇంకొంత జనం తగ్గారు. తగ్గారని ట్రిప్పులు తగ్గించారు. చివరి రోజు ఆ బస్సు కండక్టరు రాకపోతే బదులుగా బాబాయే డ్యూటీ చేశాడు. ఒక ముసలమ్మ ఒక్కతే ఎక్కింది. "రేపట్నుంచి రాదట కదా నాయనా" అంది. "రాదమ్మా" అన్నాడు. ఆవిడకు కూడా టికెట్ కొట్టాడు. ఆ రూటు మళ్లీ ఎన్నడూ రాలేదు.

ఖాళీ ఉయ్యాళ్ల వంక చూశాడు. బెంచీని కాపాడదామని వచ్చి, బెంచీ మీద కూర్చునేవాళ్లను తనే ఒక్కొక్కళ్లుగా దింపేశాడు. ఆ దింపినవాళ్లలో సొంత పెళ్లాం కూడా ఉంది.

"రేటు వద్దమ్మా," అన్నాడు ఆఫీసరమ్మతో. "ఇంకేం చెయ్యాలో నాకూ తెలీదు. రేటు మాత్రం వద్దు."

అంతలో రోడ్డు అవతల నుంచి పిన్ని చెయ్యి ఊపింది. గోడకు కాదు, తనకే. ఆయన నమ్మలేక వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి," అని కేకేసింది.

"డ్యూటీలో ఉన్నానే," అన్నాడు అలవాటుగా. అనేసి నాలుక కరుచుకున్నాడు. గేటు మీద ఒక చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. సర్వీసంతటిలో డ్యూటీ మధ్యలో బస్సు వదిలి దిగని మనిషి. ఆఫీసరమ్మ వైపు తిరిగి "నువ్వు కూడా రామ్మా" అని, గేటు తెరిచినదాన్ని తెరిచినట్టే వదిలేసి రోడ్డు దాటాడు.

బేకరీ మెట్ల మీద పిన్నితో పాటు బేకరీ అన్న, పక్కనున్న బొమ్మల షాపాయన ఉన్నారు. బేకరీ అన్న భారీ మనిషి. ఆ సాయంత్రం మాత్రం గాలి తీసినట్టున్నాడు.

"మీరు నాతో చెప్పిందే ఈయనతో చెప్పండి," అంది పిన్ని.

"ఏముంది బాబాయ్, సాయంత్రం బేరం పడిపోయింది," అన్నాడు బేకరీ అన్న. "ఆడి ఆడి ఆకలేసి పిల్లలు ఆ గేట్లోంచి నా షాపులోకే వచ్చి పడేవాళ్లు. నడిచేవాళ్లు కూడా అంతే. ఒళ్లు తగ్గాలని నడుస్తారు, నడిచామన్న ధైర్యంతో వచ్చి బన్ను తింటారు. ఇప్పుడు ట్రేలు ట్రేలుగా మిగిలిపోతున్నాయి."

"నాదీ అంతే. బంతి కొనే దిక్కు లేదు," అన్నాడు బొమ్మల షాపాయన.

"విన్నారా?" అంది పిన్ని. "నేను ఇన్నాళ్లూ ఈ మెట్ల మీద కూర్చుని చూస్తున్నదిదే. పార్కు నిండితే ఈ వీధి నిండుతుంది. పార్కు వల్ల నాలుగు రాళ్లు వెనకేసుకునేది వీళ్లు. మనం టికెట్ అడుగుతున్నదేమో ఉయ్యాల ఊగే పిల్లల్ని."

ఆఫీసరమ్మ బ్యాగు మెట్ల మీద పెట్టి తనూ కూర్చుంది. బొమ్మల షాపాయనకు విషయం ఎటు పోతోందో అర్థమై చేతులు అడ్డంగా ఊపాడు.

"అబ్బే, మేం పన్ను కడుతున్నాం కదా. మళ్లీ ఇదేంటి?"

"నీ షాపు మీద లైట్ల బోర్డుందే, దానికి నెలనెలా కరెంటు కడుతున్నావా లేదా?" అంది పిన్ని. "జనాన్ని ఈ వీధిలోకి పిలిచే బోర్డు ఆ పార్కేనయ్యా. అది ఆరిపోతే చీకట్లో కూర్చుంటావు. కూర్చుంటున్నావు కూడా."

ఆయన నసిగాడు. "ఇస్తే మాత్రం, అందరూ ఇస్తారని ఏంటి నమ్మకం?"

"అదే కదా అసలు చిక్కు," అంది ఆఫీసరమ్మ మెల్లగా. "ఒకసారి ఇచ్చి ఫోటో దిగేది నాకొద్దు. తక్కువైనా సరే, వీధిలో అందరూ, ఏటేటా ఇవ్వాలి. షాపు లైసెన్సు ఫీజు కట్టేటప్పుడే దాంతో పాటు కట్టేస్తే ఎవరి చుట్టూ ఎవరూ తిరగక్కర్లేదు. అది వేరే ఖాతాలో పడి, ఈ పార్కుకి తప్ప ఇంకోదానికి పోకూడదు. కోర్టు అద్దె, పుట్టినరోజులకి పచ్చిక అద్దె కూడా అందులోనే. అలా అయితే పైవాళ్లతో నేను కొట్లాడగలను. కానీ టికెట్ తీసేస్తే జనం మళ్లీ వస్తారని మీరు నాకు చూపించాలి."

"నెల రోజులు గేటు తెరిచి పెట్టమ్మా," అన్నాడు బాబాయ్. "నేను నిలబడతాను. టికెట్ అడగను. రాకపోతే నన్ను తీసేయ్, ఆ చెట్టు కొట్టేయ్."

చెట్టు మాట అంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. పిన్ని చూడనట్టు కొంగు సర్దుకుంది.

ఆ నెల బాబాయ్ కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ముందు లైట్ల తమ్ముడి ఇంటికి పోయాడు. గుమ్మంలోనే నిలబడి, "నాదే తప్పు నాయనా. పార్కు నీది కూడా అని నాకు తట్టలేదు" అన్నాడు. ఆ తమ్ముడు చిన్నబుచ్చుకున్నవాడల్లా కంగారుపడి కుర్చీ తెచ్చాడు. మర్నాడు కోర్టు వెలిగింది. తర్వాత చదరంగం ముసలాళ్ల దగ్గరికి పోయాడు. వాళ్లు కాస్త బెట్టు చేసి, ఆట మధ్యలో భుజం తట్టకూడదని మాట తీసుకుని వచ్చారు. తల్లుల్ని పిలిచే పని పిన్ని చూసుకుంది. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది.

మొదటి వారం ఎవరో ఒకరిద్దరు వచ్చారు. బాబాయ్‌కు అన్నం సహించలేదు. రెండో వారం ఉయ్యాల కోసం పిల్లలు కొట్టుకున్నారు, ఆ గోల విని ఆయన గేటు దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. నెల చివరికి బేకరీ అన్న ట్రేలు ఖాళీ అయ్యాయి. అన్న ఏప్రాన్ విప్పకుండానే వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా ప్రతి షాపూ ఎక్కి దిగాడు. ఒకళ్లిద్దరు సణిగారు, ఒకాయన తలుపు వేసుకున్నాడు. చిత్రంగా ఆయన్ని ఒప్పించింది బొమ్మల షాపాయన. మిగతావాళ్లు సరేనన్నారు.

పిన్ని మాత్రం పార్కులోకి రాలేదు. టికెట్ లేదు, గేటు తెరిచే ఉంది, అయినా బేకరీ మెట్ల మీదే కూర్చునేది. ఇంట్లో గోడను వదిలేసి ఆయనతోనే మాట్లాడుతోంది, అది నయం. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"అందరూ వచ్చారు. నువ్వెందుకు రావు?"

"మీ భుజానికి ఇంకా ఆ సంచి ఉంది కదా," అంది దారం కొరుకుతూ.

"ఒకవేళ ఇది కుదరకపోతే మళ్లీ టికెట్లు కొట్టాలి కదే."

"అదే. ఆ సంచి ఉన్నంతసేపు మీరు నన్ను ఆపగలరు. నాకది బాలేదు."

ఆయన వచ్చి మిషను పక్కన కూలబడ్డాడు. తర్వాత, "నిన్ను గేటు దగ్గర ఆపానే. ఆ రోజు గుర్తొస్తే నాకు నా మీదే అసహ్యమేస్తోంది" అన్నాడు. పిన్ని కత్తెర పక్కన పెట్టి, ఆయన చొక్కా కాలరు సరిచేసి, మళ్లీ పనిలో పడింది.

పైవాళ్ల మీటింగు రోజున ఆఫీసరమ్మ పొద్దున పోయింది. మధ్యాహ్నమైంది, ఎండ వాలింది, ఆవిడ జాడ లేదు. బాబాయ్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. లోపల పిల్లలు ఆడుతూనే ఉన్నారు, వాళ్లకేం తెలుసు. పొద్దు గుంకుతుండగా బస్సు దిగింది ఆఫీసరమ్మ. అలసిపోయి వేలాడుతోంది. గేటు దాకా వచ్చి, మాట్లాడకుండా ఆయన భుజాన ఉన్న సంచి పట్టీ పట్టుకుంది.

"ఇటివ్వండి బాబాయ్. ఇక దీంతో పని లేదు."

ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పించాను. పార్కింగు బిల్డింగు మాట తీసేశారు. ఏటా లెక్కలు చూపించమన్నారు, మోటారుకి మాత్రం ఈ ఏడు పైసా కూడా ఇవ్వలేమన్నారు. దాని సంగతి తర్వాత చూద్దాం. ఈ పూటకి నన్ను కాసేపు కూర్చోనివ్వండి," అని ఉయ్యాళ్ల వైపు పోయి, ఖాళీగా ఉన్న ఒకదాని మీద కూలబడింది.

సంచి లేని భుజం వింతగా ఉంది బాబాయ్‌కు. రోడ్డు అవతలికి చూశాడు. అంతలో బస్సొకటి అడ్డం వచ్చి ఆగింది. అది కదిలాక చూస్తే మెట్ల మీద పిన్ని లేదు. ఇంటికి వెళ్లిపోయిందేమో. ఉసూరుమంటూ బాదం చెట్టు దగ్గరికి నడిచాడు. కొమ్మ పట్టుకోబోయి మానేసి, తమ బెంచీ మీద కూర్చున్నాడు. ఒక్కడే కదా, సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు.

మట్టి బాట మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక కాలు తేలిగ్గా, ఒక కాలు ఈడుస్తూ పడే చప్పుడు. ఆ నడకను ఎంత జనంలోనైనా గుర్తుపడతాడు ఆయన. తల ఎత్తలేదు, ఎత్తితే కళ్లలో నీళ్లు కనిపిస్తాయని. పిన్ని వచ్చి ఎదురుగా నిలబడింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని ఊపిరి తీసుకుంది.

"జరగండి," అంది.

ఆయన జరిగాడు. ఆవిడ ఆనుకుని కూర్చుంది, ఇద్దరి మధ్య సంచి పట్టే చోటు లేకుండా.